అడ్డంగా నింపిన పట్టిక

4వ రోజు

పాత యంత్రం చచ్చిపోయింది. పంతొమ్మిదేళ్లు పనిచేసింది, చివరికి ఉప్పుగాలి లోపలి పలకల్ని పూర్తిగా తినేసింది. కొండల మీది ఊరి నుంచి కొత్తది వచ్చి నేటికి నాలుగో రోజు. లెక్కల ప్రోగ్రాము మీద ఎవరు చెయ్యి వేసినా రోజువారీ చిట్టా రాయాలని ఇక్కడ నియమం. అందుకే రాస్తున్నాను. నా పేరు సుభాషిణి. అందరూ పట్టికమ్మ అంటారు. ఆ పేరు నాకేమీ ఇష్టం లేదు.

మా ఊరంటే సముద్రం మీద ఆరు తెప్పలు. ఒక్కో తెప్ప మీద నలభై, యాభై ఇళ్లు. మూడోదాని మీద మాత్రం ఇళ్లు లేవు, కూరగాయల మడులు ఉన్నాయి. ఏ రెండు తెప్పలు తీసుకున్నా వాటి మధ్య నీళ్ల కింద ఒక మోకు ఉంటుంది. అలాంటివి పదిహేను. తెప్పకొక లంగరు చొప్పున మరో ఆరు. మోకు మరీ బిగిస్తే తెగుతుంది. మరీ వదిలితే తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అడుగున ఉన్న కొలమానాలు ఈ ఇరవై ఒక్క బిగువులనూ కొలుస్తాయి. నీళ్ల మీద తేలే పీపా ఒకటి వాటిని పోగుచేసి, ఒకే వరుసగా, గంటకోసారి నా యంత్రానికి పంపుతుంది.

ఆ వరుసను పట్టికగా మడవడం నా పని. ఆరు అడ్డు వరుసలు, ఆరు నిలువు వరుసలు. మూడో అడ్డు వరుసలో ఐదో గడి అంటే మూడో తెప్పకీ ఐదో తెప్పకీ మధ్య మోకు ఎన్ని టన్నుల బిగువులో ఉందో అది. ఐదో వరుసలో మూడో గడి కూడా అదే మోకు, అదే సంఖ్య. ఒక మూల నుంచి ఎదుటి మూలకు వెళ్లే వికర్ణం మీద లంగర్లు. కాబట్టి గడులు ముప్పై ఆరైనా సంఖ్యలు ఇరవై ఒకటి చాలు. వికర్ణంతో కలిపి కింది త్రిభుజం నింపుకుని, దాన్ని అద్దంలో చూపినట్టు పైకి తిప్పేస్తే పట్టిక పూర్తవుతుంది. పుస్తకాల్లో దీన్ని సౌష్ఠవ మాత్రిక అంటారు.

పాత ప్రోగ్రాములో ఇదంతా ఏడు వాక్యాలు. కొత్త యంత్రానికి ఆ భాష రాదు. మొత్తం మళ్లీ రాయాలి. పైగా ఈ వారం సౌరపలకల మీద ఉప్పు గీకే వంతు కూడా నాదే. పొద్దున్నుంచి చేతులు మండుతున్నాయి, మీటలు నొక్కలేకపోతున్నాను.

5వ రోజు

ప్రోగ్రాము పూర్తయిందని పొద్దున్నే పట్టిక అందరికీ పంపాను. పది నిమిషాల్లో వైర్‌లెస్‌లో ఆరు తెప్పల నుంచీ కేకలు. లంగర్లన్నీ రెట్టింపు బిగువు చూపిస్తున్నాయట.

కారణం వెంటనే దొరికింది. కింది త్రిభుజాన్ని తిప్పి, దానికే కలిపాను. వికర్ణం తిప్పినా అక్కడే ఉంటుంది కదా, దాన్ని దానికే కూడినట్టయింది. ఒకసారి తీసేశాను, సరిపోయింది.

ఈ చిన్న తప్పుకే ఊరి పెద్ద వైకుంఠరావుగారు ఆఫీసుకు వచ్చి అరగంట క్లాసు పీకారు. సరే, తప్పు నాదే. మధ్యాహ్నం భోజనం మానుకుని అన్ని పరీక్షలూ చేశాను. పట్టికను తిప్పి చూస్తే అలాగే ఉంది. ఇరవై ఒక్క సంఖ్యల మొత్తం పీపా పంపిన మొత్తంతో సరిపోయింది. అదీ చాలక, మా ఒకటో తెప్ప మీద ఇంకా పనిచేస్తున్న రెండు పాత ముల్లు మీటర్లు ఉన్నాయి, నా గది గుమ్మం పక్కనే. ఒకటి మా లంగరుది, ఇంకొకటి మాకూ రెండో తెప్పకూ మధ్య మోకుది. రెండూ పట్టికతో అక్షరాలా కలిశాయి.

వైకుంఠరావుగారికి చూపించాను. "ఇక దీని మీద చెయ్యి పెట్టకు" అన్నారు. నాకూ అదే కావాలి.

13వ రోజు

ఎనిమిది రోజులు ప్రశాంతంగా ఉంది. ఇవాళ మసేనమ్మతో గొడవ.

మసేనమ్మ నాలుగో తెప్ప మీద వించ్ తిప్పి మోకుల్ని బిగించే, వదిలే మనిషి. యాభై దాటాయి. ఇరవై రెండేళ్లుగా ఆవిడదే ఆ పని. అక్కడ మిగతా ఐదు తెప్పల మోకులకూ ఐదు డ్రమ్ములు ఒకే వరుసలో ఉంటాయి. రెండో తెప్పకు వెళ్లేది రెండో మోకు, మూడోదానికి వెళ్లేది మూడో మోకు. లంగరు డ్రమ్ము విడిగా, తెప్పకు అవతలి కొసన ఉంటుంది. దానికి ఎర్ర రంగు వేస్తారు.

పొద్దున పట్టికలో నాలుగుకూ రెండుకూ మధ్య మోకు పన్నెండు టన్నులు దాటింది. కొంచెం వదలమని చెప్పాను. గంట తర్వాత ఆవిడ వైర్‌లెస్‌లోకి వచ్చింది.

"పట్టికమ్మా, రెండో మోకు వదలమన్నావు, వదిలినాను. నీ పట్టీలో సూస్తే మూడో మోకు వదులైనట్టుంది. రెండోది అలాగే ఉంది. ఇదేటి?"

"రెండోది తిప్పబోయి మూడోది తిప్పుంటావు మసేనమ్మా. డ్రమ్ములు పక్కపక్కనే కదా."

"ఇరవై రెండేళ్ల నుంచి తిప్పుతన్నాను. ఏ డ్రమ్ము ఏదో నాకు తెలీదేటి?"

"మరి యంత్రం అబద్ధం చెప్తుందా?"

"యంత్రం సంగతి నాకు తెలీదమ్మా. నా సెయ్యి సంగతి నాకు తెలుసు. నువ్వొకసారి ఇటొచ్చి సూడు."

"నాకిక్కడ పనుంది" అన్నాను. నిజంగానే ఉంది. నీళ్లు వడకట్టే గొట్టం మూసుకుపోయి రెండ్రోజులుగా ఇంటికి ఒక్క బిందె చొప్పున ఇస్తున్నారు. ఆ కోటా జాబితా కూడా నేనే రాయాలి. ప్రతి ఒక్కరూ తమ పనిలో తప్పును నా పట్టిక మీదకు తోస్తే నేనెప్పటికి తెములుతాను?

16వ రోజు

మళ్లీ అదే. రెండో మోకు ఇంకా బిగువుగానే ఉంది, పద్నాలుగు టన్నులు. ఇంకో పదిహేను చుట్లు వదలమన్నాను. ఆవిడ వదల్లేదు.

"ఇంక వదిల్తే నీల్లలో యేలాడతాది. నాను సెయ్యను" అంది.

వైర్‌లెస్‌లో ఆరు తెప్పల వాళ్లూ వింటుండగా అంది.

పట్టిక తిప్పి చూశాను. సరిగ్గానే ఉంది. మొత్తం చూశాను. సరిగ్గానే ఉంది. గుమ్మంలోకి వెళ్లి ముల్లు మీటర్లు చూశాను. రెండూ పట్టికలో ఉన్నట్టే ఉన్నాయి. ఇంకేం చూడాలి? ఇంకేం చూడమంటారు?

19వ రోజు

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు బాగుండవు.

మూడు రోజుల్లో పదకొండుసార్లు చెప్పాను. పదకొండుసార్లూ ఏదో ఒక వంక. నాలుగో తెప్ప లంగరు అరుస్తోందట, ఆవిడకు వినపడుతోందట. పట్టికలో ఆ లంగరు నాలుగున్నర టన్నులు. అంత తేలికపాటి బిగువులో ఏ లంగరూ అరవదు.

ఇవాళ వైకుంఠరావుగారికి ఫిర్యాదు రాసిచ్చాను. "నాలుగో తెప్ప వించ్ మనిషి డ్రమ్ములను తప్పుగా తిప్పుతోంది, పట్టిక ప్రకారం పనిచేయడానికి నిరాకరిస్తోంది" అని. సంతకం పెట్టాను. ఆ వాక్యం ఇక్కడ కూడా రాయడం నియమం కనుక రాశాను.

20వ రోజు

మసేనమ్మను రెండో తెప్ప మీద ఉప్పు మడుల పనిలో వేశారు. ఆవిడ స్థానంలో గరికిన దానయ్య. నిదానస్తుడు. ఎంత చెబితే అంత చేస్తాడు, ఎదురు అడగడు. ఆ పదిహేను చుట్లూ వదిలేశాడు. మూడో మోకు వదులైనట్టు కనిపిస్తే దాన్ని బిగించమన్నాను, బిగించాడు.

అయినా రెండోది పద్నాలుగు దగ్గరే ఉంది. దానయ్య కూడా కొత్త కదా, డ్రమ్ములు అలవాటు కావాలి అనుకున్నాను.

సాయంత్రం నీళ్ల వరుసలో మసేనమ్మ నా ముందు నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

26వ రోజు

వాయుగుండం. రేపు మధ్యాహ్నానికి మా మీదికి వస్తుందని కొండ ఊరి నుంచి కబురు. పిల్లల్నీ, ముసలివాళ్లనీ ఐదో తెప్ప మీది పెద్ద షెడ్డులోకి చేర్చమన్నారు. రోజంతా పరుపులు, బియ్యం డబ్బాలు, స్టవ్‌లు మోసుకెళ్లే పడవలే. లంగర్లన్నీ తొమ్మిది టన్నులకు తక్కువ కాకుండా రేపు ఉదయం బిగించాలి. నాలుగో లంగరు ఒక్కటే మరీ తక్కువ, నాలుగూ పాయింటు రెండు.

27వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి గాలి మొదలైంది. తుఫాను రోజుల్లో పీపా రెండు నిమిషాలకోసారి సంఖ్యలు పంపుతుంది. నేను యంత్రం ముందు, వైకుంఠరావుగారు నా వెనక. వైర్‌లెస్‌లో దానయ్య.

"లంగరు బిగించు దానయ్యా. ఇరవై చుట్లు."

"అలాగేనమ్మా."

రెండు నిమిషాలు. నాలుగో లంగరు గడి కదల్లేదు. అదే నాలుగూ పాయింటు రెండు.

"ఇంకో ఇరవై."

కదల్లేదు. వైకుంఠరావుగారు తెర మీద వేలు పెట్టారు. "ఇక్కడ చూడు, మనకీ ఆరో తెప్పకీ మధ్య మోకు బిగుస్తోంది. పదకొండు ఉండాల్సింది పదిహేడైంది. వదలమను." ఒకటో తెప్ప వాళ్లకు చెప్పాను. వాళ్లు వదిలారు. పదిహేడు పదిహేడుగానే ఉంది.

"దానయ్యా, ఇంకో పది."

పద్దెనిమిదిన్నర. లంగరు గడి కాదు, మాకూ ఆరుకూ మధ్య గడి.

"దానయ్యా, నువ్వు ఏ డ్రమ్ము తిప్పుతున్నావు?"

"ఎర్రదేనమ్మా. లంగరుది. ఎర్రది ఒక్కటే గదా ఉంది."

ఎర్రది ఒక్కటే. తెప్పకు అవతలి కొసన, విడిగా. దాన్ని పొరబాటున ఇంకోటి అనుకోవడం ఎవరి తరమూ కాదు.

"ఇప్పుడు తిప్పిన పది వదిలెయ్" అన్నాను. రెండు నిమిషాల తర్వాత ఆ గడి మళ్లీ పదిహేడుకు దిగింది.

పీపా సంఖ్యలు పక్కకు తీసి, వాటి బదులు ప్రోగ్రాముకు ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా వరుసగా ఇచ్చాను. తెర మీద మొదటి వరుసలో ఒకటి. రెండో వరుసలో రెండు, మూడు. మూడో వరుసలో నాలుగు, ఐదు, ఆరు. చక్కని త్రిభుజం. దాన్ని ఒక కాగితం మీద దించుకున్నాను. అల్మరాలో పాత యంత్రం తాలూకు కాగితాల కట్ట తీశాను. అందులో కూడా ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా ఇలాగే రాసిన కాగితం ఒకటి ఉంది. దాంట్లో ఒకటి నుంచి ఆరు దాకా మొదటి నిలువు వరుసలో కిందికి దిగాయి. ఏడు నుంచి పదకొండు దాకా రెండో నిలువు వరుసలో.

పాత భాష నిలువుగా నింపుతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, దాని స్వభావం అది. కొత్త భాష అడ్డంగా నింపుతుంది. రెంటికీ నేను చెప్పింది ఒక్కటే, కింది త్రిభుజం నింపమని. పీపా పంతొమ్మిదేళ్లుగా నిలువు వరసలోనే పంపుతోంది. నేను ఇరవై మూడు రోజులుగా దాన్ని అడ్డంగా పరుస్తున్నాను.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇరవై ఒకటిలో సరైన చోట పడినవి నాలుగు. మొదటి రెండు, చివరి రెండు. మొదటి రెండూ ఏవంటే మా ఒకటో తెప్ప లంగరు, మాకూ రెండుకూ మధ్య మోకు. నా గుమ్మం పక్కన ముల్లు మీటర్లు ఉన్న ఆ రెండే. తిప్పి చూస్తే ఏ గడి ఎక్కడ పడ్డా సౌష్ఠవంగానే ఉంటుంది. కూడితే మొత్తం అంతే వస్తుంది. నేను నమ్మిన పరీక్షలేవీ ఈ తప్పును పట్టలేవు.

ఒకే ఒక్క వాక్యం మార్చాను. అసలు పట్టిక వచ్చింది. నాలుగో లంగరు పదిహేడు, దాని హద్దు పదిహేను. నాలుగుకూ రెండుకూ మధ్య మోకు సున్నా పాయింటు ఆరు, అంటే నీళ్లలో వేలాడుతోంది. మూడుకూ రెండుకూ మధ్య మోకు పద్దెనిమిది. ఇన్నాళ్లూ నేను వదులు, వదులు అని మసేనమ్మ మీద అరిచింది ఈ మోకు బిగువు చూసి. వదిలించింది మాత్రం పక్క మోకును.

వైకుంఠరావుగారు ఏదో అడుగుతున్నారు. నేను పడవ దగ్గరికి పరుగెత్తాను.

మసేనమ్మ రెండో తెప్ప మీద ఉప్పు బస్తాలకు టార్పాలిన్ కడుతోంది. గాలికి అరిచి చెప్పాల్సి వచ్చింది.

"మసేనమ్మా! నువ్వు తిప్పింది రెండో డ్రమ్మే. తప్పు నాది. పట్టిక అడ్డదిడ్డంగా నింపాను. నువ్వు చెప్పినవన్నీ నిజం."

ఆవిడ ముడి వేయడం ఆపలేదు. "మూడుకీ రెండుకీ ఎంతుంది?"

"పద్దెనిమిది."

తాడు వదిలేసింది. "సుబ్బరంగా సంపినావు. ఆ మోకు యించి డ్రమ్ము ఇక్కడే ఉంది, వదిలేద్దామా?"

"పద్దెనిమిది మీద ఒక్కసారిగా వదిలితే డ్రమ్ము పళ్లు ఎగిరిపోవూ?"

"అదీ తెలుసన్నమాట" అంది, పడవలోకి దిగుతూ. "ముందు నాలుగుకీ రెండుకీ ఉన్న మోకు బిగించాల. బరువు దాని మీద పడితే ఇది తేలికవుతాది. ఏడుపు తరవాత, ముందు తెడ్డు పట్టు."

నాలుగో తెప్ప చేరేసరికి పదకొండు. మసేనమ్మ, దానయ్య, నేను, ముగ్గురం డ్రమ్ము పట్టాం. వైర్‌లెస్‌లో వైకుంఠరావుగారు తెర చూసి సంఖ్యలు చదువుతున్నారు. రెండో మోకు రెండు టన్నులైంది. నాలుగైంది. ఆరైంది. మధ్యలో ఆవిడ ఎర్ర డ్రమ్ము దగ్గరికి వెళ్లి లంగరును కొంచెం కొంచెంగా పద్నాలుగు దాకా వదిలింది. అటువైపు మూడుకీ రెండుకీ ఉన్న మోకు పదహారున్నరకు దిగింది. ఇంకో గంట దొరికుంటే సరిపోయేది.

ఒంటిగంట ముప్పావుకు అది తెగింది. చప్పుడు మా పాదాల కింద వినిపించింది. మూడో తెప్ప మడులతో సహా పక్కకు తిరిగి, నాలుగో తెప్ప మూలను గుద్దింది. డ్రమ్ము పిడి ఎదురు తిరిగి దానయ్య కుడి చేతిని విరిచేసింది. వంగ, బెండ, తోటకూర మడులు మట్టితో సహా జారి సముద్రంలో పడటం నేను కళ్లారా చూశాను. మడుల్లో సగం పోయాయి. మిగతా మోకులు ఆగాయి. ఎవరూ చావలేదు.

30వ రోజు

సభ. షెడ్డు నిండా జనం. వైకుంఠరావుగారు నివేదిక ముందే రాసుకొచ్చారు. నాకు చూపించారు. "తుఫాను ధాటికి మోకు తెగినది" అని ఉంది.

"ఇలా వద్దండీ" అన్నాను.

"నీ మంచికే చెప్తున్నానమ్మా. తుఫాను రావడం నిజమే కదా. నువ్వు పోతే పట్టిక ఎవరు చూస్తారు?"

"అసలు తుఫాను మీదికి రాకముందే మోకు పద్దెనిమిది ఉందండీ."

లేచి నిలబడి ఈ చిట్టా చదివాను. మొదటి పేజీ నుంచి. 19వ రోజు రాసిన ఫిర్యాదు వాక్యం కూడా చదివాను. రెండు కాగితాలూ చూపించాను. మూడు నెలలు కూరలు ఉండవని ఎవరో లెక్క చెప్పారు. దానయ్య భార్య నన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు కింద నిలబడటం కష్టమైంది.

మసేనమ్మను మాట్లాడమన్నారు. ఆవిడ లేవకుండానే అంది.

"లెక్క తప్పినందుకు నాకు కోపం లేదు. నాను కూడా తాడు జారవిడిసిన రోజులున్నాయి. ఒకసారి ఒచ్చి సూడమన్నాను. పావుగంట పడవ. రానేదు. అదీ నా కోపం."

రావాల్సింది, రాలేదు. అదే చెప్పాను.

పట్టిక పని నా దగ్గరే ఉంచారు, వేరే ఎవరికీ రాదు గనక. మసేనమ్మను వించ్ దగ్గరికి తిరిగి రమ్మన్నారు. వస్తానంది, ఒక షరతు పెట్టి. మోకులూ లంగర్లూ కలిపి ఇరవై ఒకటీ ఒక్కొక్కటే తిప్పి, తెర మీద ఏ గడి కదులుతుందో పట్టికమ్మ స్వయంగా అక్కడ నిలబడి చూడాలి. అప్పటిదాకా ఎవరూ పట్టిక మాట వినకూడదు.

33వ రోజు

రెండు రోజులు పట్టింది. ఆవిడ డ్రమ్ము తిప్పుతుంది, నేను చేతిలో చిన్న తెర పట్టుకుని చూస్తాను. ఒక్కో మోకుకూ రెండు చుట్లు బిగించడం, గడి కదిలే దాకా ఆగడం, రెండు చుట్లు వదలడం. పీపా గంటకోసారే పంపితే ఈ పని వారమైనా తెమలదని దాన్ని తుఫాను పద్ధతిలోనే ఉంచమన్నాను. ఎండ. నీళ్లు ఇంకా ఒక్క బిందే. ఆవిడ నాతో పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

తొమ్మిదో మోకు దగ్గర రెండు గడులు కదిలాయి. పట్టిక మళ్లీ తప్పిందనుకున్నాను. మసేనమ్మ పక్క మోకును చేత్తో నొక్కి చూసి, "ఇది దానికి తగుల్తంది, అడుగున మెలిక పడింది" అంది. మెలిక విప్పించాం. మళ్లీ తిప్పితే ఒక్క గడే కదిలింది. ఈ సంగతి ఏ ప్రోగ్రామూ నాకు చెప్పి ఉండేది కాదు.

ఇవాళ సాయంత్రం ఐదింటికి ఇరవై ఒకటోది, ఆరో తెప్ప లంగరు. రెండు చుట్లు. కాసేపటికి కింది మూల గడి ఏడు నుంచి ఏడూ పాయింటు నాలుగైంది. మిగతావేవీ కదల్లేదు. కాగితం మీద చివరి గడిలో టిక్కు పెట్టి ఆవిడకు చూపించాను. ఆవిడ కాగితం తీసుకుని, ఇరవై ఒక్క టిక్కులనూ వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. మడిచి తన రొంటిన దోపుకుంది.

తర్వాత వెళ్లి పడవ ఎక్కింది. తెడ్డు పట్టుకుని అటువైపు తిరిగి కూర్చుంది. నన్ను రమ్మని పిలవలేదు. పడవ కట్టిన తాడు మాత్రం విప్పలేదు. నేను సామాను సర్దుకుని ఎక్కే దాకా అలాగే కూర్చుంది.